బీఎస్‌4 పికప్ ఆయిల్ తాగుతోంది: ఇంజన్ చేయించాలా, బీఎస్‌6 కొనాలా?

2016 బొలెరో పికప్, 2.4 లక్షల కిలోమీటర్లు తిరిగింది, నీలం పొగ, లోడు మీద ఎత్తు ఎక్కడం లేదు, మెకానిక్ ఇంజన్ విప్పాలంటున్నాడు అని రాశారు. ఇప్పుడే విప్పనివ్వకండి. నీలం పొగ వస్తోందంటే ఆయిల్ కాలుతోందని మాత్రమే అర్థం. ఆ ఆయిల్ పిస్టన్ రింగుల దగ్గర నుంచి వస్తోందా, టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది) నుంచి వస్తోందా అన్నది తేలాలి. టర్బో మారిస్తే పోయే పొగకి బోరు (సిలిండర్ లోపలి గోడ) కొట్టించి డబ్బు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ముందు బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయేది) విప్పి శుభ్రం చేయించండి. అది మూసుకుపోయినా లక్షణాలు ఇలాగే ఉంటాయి. తర్వాత ఇంజన్ బాగా వేడెక్కాక, స్లోలో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి అక్కడే తిరగేసి పెట్టండి. మూత ఎగిరిపడుతూ పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే బ్లో-బై ఉన్నట్టు, అంటే సిలిండర్లోని గ్యాసు రింగుల సందుల్లోంచి కిందికి దిగుతున్నట్టు. అది కదలకుండా ఉంటే టర్బో నుంచి గాలి వెళ్లే ఇంటర్‌కూలర్ పైపు విప్పి చూడండి. లోపల కాస్త జిడ్డు ఉండటం మామూలే, ఆయిల్ కారిందంటే మాత్రం అనుమానం టర్బో మీదే. టర్బో షాఫ్ట్ ముందుకీ వెనక్కీ కదిలినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలున్నా కార్ట్రిడ్జ్ (టర్బో లోపల తిరిగే భాగం) మార్చాల్సిందే. కొత్తది బిగించే ముందు దానికి ఆయిల్ వచ్చే సన్న పైపు, చాంబర్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోని) జల్లెడ కడిగించండి. అవి మూసుకుని ఉంటే కొత్త టర్బో కూడా ఆయిల్ అందక పోతుంది.

లోడు లాగకపోవడం విడిగా చూడాల్సిన సంగతి. డీజిల్ ఫిల్టరు, టర్బో రబ్బరు పైపుల్లో చీలిక చూశాక ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) రిటర్న్ టెస్ట్ చేయించండి. నాలుగు రిటర్న్ పైపులకీ నాలుగు సీసాలు పెట్టి రెండు మూడు నిమిషాలు స్లోలో నడిపితే, ఒక దాంట్లో మిగతావాటికి రెట్టింపు డీజిల్ చేరితే లోపం ఆ ఇంజెక్టర్‌దే. మార్చినప్పుడు రాగి వాషరు కొత్తది వేయాలి, ఇంజెక్టర్ కోడ్ ఈసీయూలో (ఇంజన్ కంప్యూటర్‌లో) ఎక్కించాలి.

ఆఖరున కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూడటం. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా, కంపెనీ చెప్పిన హద్దులోనే ఉంటే బ్లాక్ బాగున్నట్టే, బండి ఉంచుకోండి. కంప్రెషన్ పడిపోయి, బ్లో-బై ఉండి, 1000 కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగుతుంటే పని బోరుదాకా వెళ్లాలి. బోరు కొలిపించకుండా రింగులు మాత్రం మార్పించకండి. అరిగి కోలగా మారిన బోరులో కొత్త రింగులు కూర్చోవు, మళ్లీ అదే పొగ.

బీఎస్‌6 (2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన పొగ నిబంధనల బండి) కొనే ముందు మీ కిరాయిలు ఎలాంటివో చూసుకోండి. డీపీఎఫ్‌లో (పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్‌లో) చేరిన మసి కాలడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద ఆపకుండా తిరిగే బండికి అది ఇబ్బంది కాదు. మార్కెట్ యార్డు నుంచి ఊళ్లోకి అయిదారు కిలోమీటర్లు తిరిగి ఆపేస్తే మసి సగం కాలి ఆగుతుంది, ఆ పనికి అదనంగా కొట్టిన డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. అలా పల్చబడిన ఆయిల్ బేరింగుల్ని తింటుంది. పాత డబ్బాలోని సీఐ-4 రకం ఇంజన్ ఆయిల్ కూడా పోయకూడదు, కంపెనీ చెప్పిన తక్కువ బూడిద ఆయిలే వాడాలి. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే మిగులుతుంది. మీవి ఇలాంటి దగ్గర కిరాయిలే అయితే, 8 ఏళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తప్పదన్న లెక్క వేసుకున్నా, పాతదాన్ని బాగుచేయించడమే నయమని నా అభిప్రాయం.

సెకండ్ హ్యాండ్ బీఎస్‌6 చూస్తుంటే స్కానర్ పెట్టించి మసి శాతం, చివరి రీజనరేషన్ (మసి కాల్చుకోవడం) తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చదివించండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే ఆ బండి జోలికి పోకండి.