లివర్ ముట్టుకునే ముందు

చిన్నోడా,

నీ ఉత్తరం అందింది. సిగ్నళ్లు నడిపే ఆ పాత జంక్షన్ కేబిన్ పడగొట్టేలోపు దాని కొలతలు తీసి, బొమ్మలు గీసి, తిరుపతి కాలేజీలో ప్రాజెక్టుగా పెడతానన్నావు. సంతోషం. కానీ నువ్వు రాసిన పట్టీ చూశాను: పొడవు, వెడల్పు, కిటికీలు, పెంకులు. ఆ పట్టీ గోదాముకైనా సరిపోతుంది. కేబిన్‌కి చాలదు.

ముందు పర్మిషన్ సంగతి. మా తాత ఇక్కడే పనిచేశాడంటే ఎవరూ లోపలికి రానివ్వరు. స్టేషన్ మాస్టరును కలిసి, కాగితం ఎవరికి పెట్టాలో అడిగి, కాలేజీ లెటర్‌తో పెట్టు. పట్టాలు దాటి అడ్డదారిలో పోవద్దు. చెక్క మెట్లు పుచ్చిపోయి ఉంటాయి, పక్క అంచుల మీద అడుగు వెయ్యి. కింది గదిలో పాములు చేరతాయి, టార్చి లేకుండా దిగొద్దు.

సిగ్నళ్లనూ పట్టాలనూ కదిలించే ఇనుప కడ్డీలు, ఆ లివర్లు ఇంకా ఉన్నాయన్నావు చూడు, అది నీ అదృష్టం. కేబిన్‌మన్ నిలబడే చోటే నిలబడి, ఎడమ నుంచి కుడికి నంబర్లూ రంగులూ రాసుకో. ఎరుపు సిగ్నల్‌ది, నలుపు పాయింటుది, అంటే పట్టాలు చీలే చోట బండి దారి మార్చేదానిది, నీలం ఆ పాయింటుకు వేసే తాళానిది, తెలుపు పనిలేనిది. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. తర్వాత ప్రతి లివర్‌కూ ఉన్న ఇత్తడి పలక చూడు. పెద్ద అంకె ఆ లివర్ నంబరు. దాని కింద చిన్న అంకెలుంటే, అవి అంతకుముందు లాగాల్సిన లివర్లు.

3వ నంబరు పలక మీద 9, 8 అని ఉందనుకో. బండి స్టేషన్‌లో పక్కకు చీలే లూపు లైనులోకి రావాలంటే ముందు 9 లాగి పాయింటు మార్చాలి. 8 లాగి దానికి తాళం వెయ్యాలి. అప్పుడుగానీ 3 కదలదు, బండిని స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ రెక్క వాలదు. 3 లాగి ఉన్నంతసేపు 8 వెనక్కి రాదు, పహిల్వాన్ వచ్చి తోసినా సరే. కింది గదిలో గాట్లు పెట్టిన ఇనుప పట్టీలు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. పాయింట్లనూ సిగ్నళ్లనూ ఇలా ముడిపెట్టే ఏర్పాటుకు 1856లో ఇంగ్లండ్‌లో జాన్ సాక్స్‌బీ పేటెంట్ తీసుకున్నాడు. నైట్ డ్యూటీ నిద్రమత్తులో నేను తప్పు లివర్ పట్టుకున్న రోజులున్నాయి. అది రాలేదు, అంతే. ఏది లాగితే ఏది బిగుసుకుంటుందో, ఆ పట్టిక తయారుచెయ్యి. గోడలు తర్వాత కొలుచుకోవచ్చు.

తెల్ల లివర్లను తేలిగ్గా వదిలెయ్యకు. రంగు పెచ్చులు ఊడినచోట అడుగున నలుపు కనిపిస్తే, ఒకప్పుడు అక్కడో పాయింటు ఉండేదన్నమాట. మన పాకాల–ధర్మవరం లైను ఒకప్పుడు మీటర్ గేజే కదా, అంటే పట్టాల మధ్య మీటరు ఎడం. ఇప్పుడు బయట కనిపించే పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు. బయటి పట్టాలకూ లోపలి పలకలకూ లెక్క కుదరకపోతే కంగారుపడి దిద్దకు, ఉన్నది ఉన్నట్టు రాయి. నువ్వు మాత్రం రంగు గోకొద్దు.

పాత సిగ్నల్ దీపం దొరికితే దాని అద్దం చూడు. ఆకుపచ్చ చూపించాల్సిన అద్దం పగటిపూట నీలంగా ఉంటుంది. ఎవరో మార్చేశారనుకునేవు! కిరసనాయిలు మంట పసుపు కాబట్టి నీలంలోంచి ఆకుపచ్చగా కనిపించేది.

లివర్ నుంచి సిగ్నల్ దాకా బయట తీగ నడిచిన కప్పీలు కూడా లెక్కపెట్టు. ఎండలకు ఆ తీగ సాగుతుంది. ఒక మే నెల మధ్యాహ్నం నేను తీగ బిగించడం మరిచిపోయి లివర్ లాగితే, రెక్క సగమే వాలింది. సగం వాలిన రెక్కను డ్రైవరు ఆగమన్నట్టే చూడాలి. బండి బయటే నిలబడి ఒకటే కూత. నాకు చెమటలు. మా నాయన ఆ రెక్కను కైకాట్టి అనేవాడు, అరవం మాట. ఆ రాత్రి ఇంటికొస్తే, నీ కైకాట్టికి నడుం నొప్పా అని ఎగతాళి చేశాడు.

లివర్ ఒక్కటి కూడా ఒంటరిగా లాగొద్దు. పర్మిషన్ కాగితం చేతికొచ్చాక చెప్పు. నా మోకాళ్లతో ఆ మెట్లు ఎక్కలేను. కింద కుర్చీ వేసుకుని కూర్చుంటా. నువ్వు పైనుంచి అంకెలు గట్టిగా చదువు, ఏది దేనిదో చెబుతా.

తాత