పిల్లలకు ఏ యుద్ధ సినిమా చూపించాలి?

బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగు కుటుంబాల హైస్కూలు పిల్లలకు యుద్ధం ఎంత వ్యర్థమో తెలియాలని సినిమా వేస్తే, పేలుళ్లకు ఈలలు వేశారని బాధపడ్డారు కదండీ. తప్పు పిల్లలది కాదు. పోరు దృశ్యాన్ని ఎంత బాగా తీస్తే చూసేవాడికి అంత ఊపు వస్తుంది. ఈసారి పోరు ముగిశాక జరిగేది చూపించే సినిమా ఎంచుకోండి.

నా మాట విని స్టాన్లీ కుబ్రిక్ 1957లో తీసిన ‘పాత్స్ ఆఫ్ గ్లోరీ’ వేయండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలం. పదోన్నతి ఆశతో ఒక ఫ్రెంచి జనరల్ అసాధ్యమైన దాడికి ఆదేశిస్తాడు. అది విఫలమైతే, పిరికితనం నేరం మోపి ముగ్గురు సిపాయిలను కాల్చి చంపిస్తారు. వారిలో ఒకడికి తల పగిలి స్పృహ లేదు. స్ట్రెచర్‌తోపాటే గుంజకు ఆనించి నిలబెట్టి, తెలివి రావాలని చెంప గిల్లుతారు. ఆ తరువాతే కాలుస్తారు! ఇంత అన్యాయం చూశాక ఈల వేయడానికి ఎవరికి నోరొస్తుంది? దాడిలో శత్రు సైనికుడు ఒక్కడూ కనిపించడు, అలా ఎందుకు తీశారో పిల్లలనే అడగండి.

నలుపు తెలుపు సినిమా అని మొదట గొణుగుతారు, పట్టించుకోకండి. నిడివి 88 నిమిషాలే. సమయం మిగిలితే 1930 నాటి ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ నుంచి, ఒకే బూట్ల జత చనిపోయినవాడి నుంచి మరొకడికి మారే ఘట్టం మాత్రం చూపించండి.