ఆశగా ఉంటే ఆరోగ్యం నిజంగా బాగుపడుతుందా?

“అంతా మంచే జరుగుతుందనుకుంటే బీపీ తగ్గుతుందా?” అని ఒకరు అడిగారు. ఊరికే అనుకుంటే తగ్గదు. 2019లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో, ఆశావహులు సగటున 11 నుంచి 15 శాతం ఎక్కువ కాలం బతికినట్టు తేలింది. ఆశే కారణమని రుజువు కాలేదు లెండి. కానీ రేపటి మీద నమ్మకమున్న మనిషి మాత్ర మానడు, నాలుగడుగులు నడుస్తాడు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో కొబ్బరితోటల్ని పడగొట్టేసింది. మా పెదనాన్న వారం రోజులు అరుగు దిగలేదు. ఎనిమిదో రోజు పార పట్టుకుని కొత్త కొబ్బరి మొక్క కోసం ఒక్క గుంత తీశాడు. కాపుకి ఐదారేళ్లు పడుతుందని తెలిసీ! అలవాటు చేసుకోవాల్సింది అలాంటి చిన్న పనే.

రెండు వారాలు దాటినా దిగులు వదలక, నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితమే.