ఉద్యోగ సలహాలు చూసినకొద్దీ లోపం నాలోనే ఉందనిపిస్తోంది. ఇంకెవరికైనా ఇలా అయ్యిందా?

అయ్యిందండి, నాకు. డిగ్రీ చేసి చాలాకాలంగా ఖాళీగా ఉన్నానని, ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో చెప్పే వీడియోలు రోజూ చూస్తుంటే ధైర్యం రాకపోగా ఉన్నది కూడా పోతోందని మీరు రాశారు. చదివి ఊరుకోలేకపోయాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మైక్రోబయాలజీతో బీఎస్సీ చేశాను. హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు అయిపోయి ఇంటికొచ్చాక ఏడాదికి పైగా పని లేదు. అప్పట్లో ఫోన్ తెరిస్తే సలహాలే. రోజుకి 50 అప్లికేషన్లు పెట్టు, లింక్డ్‌ఇన్‌లో రోజూ ఏదో ఒకటి రాయి, తెల్లవారుజామునే లే, బయోడేటాలో ఫలానా మాటలు లేకపోతే కంప్యూటరే పక్కన పడేస్తుంది... చెప్పినవన్నీ చేశాను. ఎవరూ పిలవలేదు. పిలవలేదంటే ఇంకా సరిగ్గా చెయ్యలేదన్నమాట అని మరో వీడియో చెప్పేది.

మనిషిని కుంగదీసేది ఇదేనండి. ఉద్యోగాలు బోలెడున్నాయి, తెచ్చుకోవడం నీకే చేతకావట్లేదు అన్న మాట ప్రతి సలహాలోనూ పైకి అనకుండానే వినిపిస్తూ ఉంటుంది. మా నాన్నగారు కూడా అవే వీడియోలు చూసి, "వాళ్లు చెప్పినట్టు చెయ్యట్లేదేమోనమ్మా" అనేవారు. నా మీద ప్రేమతోనే అనేవారు. కానీ ఆ పూట ముద్ద దిగేది కాదు.

దీని మీద ఓఫర్ షరోన్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోనూ ఇజ్రాయెల్‌లోనూ పని పోయిన చదువుకున్నవాళ్లతో మాట్లాడి పరిశోధన చేశారు. అమెరికాలో ఉద్యోగ వేటంతా నిన్ను నువ్వు ఎలా చూపించుకుంటావు, ఎదుటివాళ్లకి ఎలా నచ్చుతావు అన్నదాని చుట్టూ తిరుగుతుంది. పని దొరక్కపోతే అక్కడివాళ్లు తమనే నిందించుకున్నారు. ఇజ్రాయెల్‌లో అర్హతల జాబితా పెట్టి వడపోసే పద్ధతి ఎక్కువ. అక్కడివాళ్లు ఆ వ్యవస్థను తిట్టుకున్నారు. మన ఫోన్లలోకి వచ్చే సలహాల్లో చాలావరకు ఆ అమెరికా పద్ధతివే. ఐటీ కంపెనీల కోసం, పెద్ద నగరాల కోసం చెప్పినవి. భీమవరంలోనో అమలాపురంలోనో ఉండి పని వెతుక్కునేవాళ్లు ఆ చెప్పేవాళ్ల ఊహలోనే ఉండరు.

ఇప్పుడు నేను భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ల్యాబులో చేస్తున్నాను. బల్లకి ఇవతల కూర్చున్నాక చూసింది ఒకటి చెప్పాలి. మన రొయ్యలకి అన్నిటికన్నా పెద్ద మార్కెట్ అమెరికా. 2025 ఆగస్టులో అక్కడ మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచారు. మా దగ్గర కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేశారు, షిఫ్టులు తగ్గించారు. ఆ నెలల్లోనూ బయోడేటాలు వస్తూనే ఉన్నాయి. చక్కగా రాసినవి, చదువుకి తగ్గవి. వాటిలో లోపం ఏమీ లేదండి, ప్లాంటులో పనే లేదు. కానీ అవి పంపిన పిల్లలు ఆ రాత్రి మళ్లీ "మీ రెజ్యూమెలో చేసే తప్పులు" అన్న వీడియో చూసే ఉంటారు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కాలవలు కట్టేసిన నెలలో నారు ఎందుకు పొయ్యలేదని రైతుని నిలదీస్తామా?

నాకు ఈ పని ఎలా దొరికిందో చెప్తాను. ఐస్ లారీ నడిపే ఒకాయన, మా మావయ్యకి ముఖపరిచయం, ఫలానా ప్లాంటులో ల్యాబ్ అమ్మాయి పురిటికి వెళ్లిందని ఒక పెళ్లిలో అన్నారు. మర్నాడే వెళ్లాను. ఇన్‌ఛార్జి గారు అయిదేళ్ల తరవాత ఎక్కడుంటావు లాంటివి అడగలేదు. రొయ్యల్లో ఉండకూడని క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ మందుల అవశేషాలు ఎలీసా అనే ల్యాబ్ పరీక్షతో ఎలా చూస్తారో తెలుసా, రాత్రి షిఫ్టుకి రాగలవా, అంతే. అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల్లో చూపించింది కూడా ఇదే: తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 17 శాతం లోపే. మిగతావాళ్లకి సాయపడింది ఎప్పుడో ఒకప్పుడు కనిపించేవాళ్లే.

కానీ సిగ్గుపడ్డ మనిషి మొదట మానేసేది ఆ ఎప్పుడో కనిపించేవాళ్లని కలవడమే. "ఏం చేస్తున్నావమ్మా" అంటారని నేను పెళ్లిళ్లకి, సంబరాలకి వెళ్లడం మానేశాను. ఆ ఒక్క పెళ్లికి అమ్మ బతిమాలితే వెళ్లాను. అందుకే ఈ సలహాల మీద నాకింత కోపం. పని వచ్చే దారిలోంచే మనిషిని తప్పించి గదిలో కూర్చోబెడతాయి.

అన్నీ పనికిరానివని అనను. బయోడేటా ఒక్క పేజీలో ఉండాలన్నది మంచిమాట. కేంద్రప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదుకి డబ్బు కట్టక్కర్లేదు. డిగ్రీవాళ్లకి అప్రెంటిస్ ఖాళీలు కూడా ప్రభుత్వ పోర్టళ్లలోనే చూసుకోండి. సలహా చెప్తూ చెప్తూ చివర్లో కోర్సు అమ్మేవాళ్లని, రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే టెలిగ్రామ్ గ్రూపులని మాత్రం అక్కడే వదిలెయ్యండి. ఇప్పటికే కట్టేసి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. మన వైపు కువైట్, దుబాయ్ పేరు చెప్పి లక్షలు అడిగేవాళ్లూ ఉన్నారు. లైసెన్సు ఉన్న ఏజెంటు సర్వీసు ఛార్జీ కింద 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లైసెన్సు ఉందో లేదో కేంద్రప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో కనిపిస్తుంది.

మీరు ఏం చదివారో, ఏ ఊరికి దగ్గరో రాయలేదు. కింద రాయండి. ఆకివీడు, భీమవరం, నరసాపురం వైపు ల్యాబ్ పనులైతే ఎక్కడ ఏం అడుగుతారో నాకు తెలిసినంతవరకు చెప్తాను.