రోజూ తిరుపతికి పోయి కొండెక్కని కండక్టరు చెప్పే జవాబు

ఉద్యోగం, పిల్లలు, వంట, మధ్యలో ఫోన్లు. రోజుకు పది నిమిషాలైనా దేవుడి ధ్యాసలో నిమ్మళంగా కూర్చోవాలంటే ఎలా అని అడిగారు. నేను కడపలో బస్సు కండక్టరును. పదమూడేళ్ళ సర్వీసు, ఇద్దరు పిల్లలు, కాళ్ళ నొప్పుల అత్త. గురువును కాను, నాకు కుదిరింది చెబుతా.

ముందుగా ఆ బ్రహ్మముహూర్తం సంగతి. ఎవరినడిగినా నాలుగింటికి లేవమంటారు. నేను రోజూ లేచేది నాలుగింటికే! మా వీధిలో కొళాయి వచ్చేది అప్పుడు. బిందెలు నింపి, పిల్లల బాక్సులు కట్టి, అత్తకు సంగటి కెలికి పెట్టి డ్యూటీకి పోవాలి. ఒకసారి పంతం పట్టి మూడున్నరకు లేచి పదకొండు రోజులు దేవుడి గూటి ముందు కూర్చున్నా. పన్నెండో రోజు ఒంటిమిట్ట దాటినాక ఐదొందల నోటుకు వెయ్యి రూపాయల చిల్లర ఇచ్చేశా. నిద్ర చాలక. సాయంత్రం క్యాష్ కట్టేటప్పుడు ఆ తక్కువ పడింది నా జేబులోంచే. అంతటితో ఆ సాధన ముగిసింది.

నా రూటు కడప-తిరుపతి. తమాషా చూడండి. మా దేవుని కడపను తిరుమలకు గడప అంటారు, ముందు ఇక్కడి వెంకటేశ్వరుణ్ణి చూసుకుని కొండకు పోవడం పాత పద్ధతి. నేను రోజూ ఆ గడప దగ్గర బయలుదేరి, కొండ కింద దాకా పోయి, వెనక్కి వస్తా. కొండెక్కి రెండేళ్ళు దాటింది. దారిలో ఒంటిమిట్ట. గోపురం కనబడగానే బస్సులో సగం మంది చేతులెత్తుతారు, నా చేతుల్లో టికెట్ల మిషను. ఆ గుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, గర్భగుడిలో హనుమంతుడు మాత్రం ఉండడు. రాముడికి ఆయన పరిచయం కాకముందు వెలసిన విగ్రహాలని చెబుతారు. గోపురానికి ఎదురుగా బయట వేరే గుడిలో ఉంటాడాయన. ఆయన కూడా బయట డ్యూటీలోనే ఉన్నాడులే అనుకుంటా నేను. అక్కడ రాములవారి కల్యాణం రాత్రి పూట, వెన్నెల్లో చేస్తారు. స్పెషల్ బస్సుల డ్యూటీ పడి నేను దాన్ని మైకులోనే విన్నా, చాలా ఏళ్ళు.

ఇక అసలు సంగతికొస్తా. నాకు దారి దొరికింది మా డ్రైవరు భాయ్ వల్ల. పన్నెండున్నరకు తిరుపతి చేరతాం, మళ్ళీ బయలుదేరేదానికి నలభై నిమిషాలు ఉంటుంది. దిగగానే ఆయన బాటిల్ నీళ్ళతో వజూ చేసుకుని, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్ళు చేతులు కడుక్కుని, బస్సు వెనక నీడలో తువ్వాలు పరుచుకుని నమాజుకు నిలబడతాడు. ఆ కాసేపు ఆయన్ను ఎవరూ పిలవరు. కంట్రోలరు కూడా ఆగుతాడు. రెండేళ్ళు చూశా అది, నిజం చెప్పాలంటే కుళ్ళుకుంటా చూశా. అవే నలభై నిమిషాలు నాకూ ఉన్నాయి కదా, అవి యాడికి పోతున్నాయి?

ఒకరోజు అడిగితే నవ్వినాడు. "నాది మా అందరికీ తెలిసిన టైము మ్మా. నీది నీకు తప్ప ఎవరికీ తెల్దు. ఇంక పిలవకుండా ఎట్లుంటారు?"

ఇంకో మాట కూడా చెప్పినాడు. దూర ప్రయాణంలో ఉన్నవాళ్ళకు మధ్యాహ్నం నాలుగు రకాతుల, అంటే నిలబడి, వంగి, నేలకు నుదురానించే వరసలు నాలుగుండే నమాజును రెండుకు కుదించుకోమని వాళ్ళ ధర్మంలోనే ఉందట. నాకు ఈ మాటే ఎక్కువ పట్టుకుంది. కూర్చుంటే గంట కూర్చోవాలి, స్నానం చేసి మడిగా కూర్చోవాలి అనుకుంటా నేను ఏమీ లేకుండా గడిపేశా ఇన్నాళ్ళు.

ఆ రాత్రే ఇంట్లో చెప్పేశా. పన్నెండు నలభై నుంచి పది నిమిషాలు నాకు ఫోను చేయొద్దని. చెప్పడానికి భలే సిగ్గేసింది, అదేదో సోకు చేసుకుంటానని చెప్పినట్టు. మా అత్త, "దేవుడితో మాట్లాడే టైముంది గానీ మాతో లేదా?" అనింది. వారం తర్వాత ఆమే పాపతో "ఇప్పుడు చేయొద్దు, అమ్మ కూర్చోనుంటుంది" అనింది. మీకు నేను చెప్పే సలహా అంటూ ఉంటే ఇదొక్కటే. టైము వెతుక్కోవడం కంటే, ఉన్న టైమును పదిమందికీ తెలిసేట్టు చెప్పడం కష్టం, అదే చేయండి. దాచిపెట్టుకున్న పది నిమిషాలను ఎవరైనా తీసేసుకుంటారు.

ఖాళీ బస్సులో వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చుంటా. ఫోను పెట్టెలో వేసి మూత పెట్టేస్తా. ముందు ఫోనులోనే విష్ణు సహస్రనామం పెట్టుకునేదాన్ని, మధ్యలో మెసేజీలు టింగుమంటుంటే నామాలు యాడ ఆగాయో తెలిసేది కాదు. ఇప్పుడు ఏమీ పెట్టను. మొదటి నాలుగు నిమిషాలు తలలో చిల్లర లెక్కే నడుస్తుంది. నడవనీ. తర్వాత ఊపిరి తీసుకునేటప్పుడు, వదిలేటప్పుడు "రామా" అనుకుంటా, మా అవ్వ దోసిట్లో బియ్యం ఏరుకుంటా అనుకున్నట్టు. కొన్ని రోజులు కునుకు పడుతుంది. దానికి నేను బాధపడను.

ఒక్కోసారి దేవుడి బదులు మనుషులు వస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం కదా, గుర్తింపు కార్డు చూపిస్తేనే సున్నా టికెట్టు. ఒక అవ్వ కార్డు మర్చిపోయి వచ్చింది. బస్సు కిక్కిరిసి ఉంది, ఎండ, నాకు విసుగు. "తెచ్చుకోవాలని తెలీదా" అని అందరి ముందరా గట్టిగా కసురుకున్నా. ఆమె కొంగు ముడి విప్పి డబ్బులిచ్చి, నందలూరులో దిగిపోయింది, ఒక్క మాట అనలేదు. డబ్బు తీసుకోవడం నా పని, తప్పు లేదు. ఆ గొంతు నా పని కాదు. ఆరోజు పది నిమిషాలూ ఆ కొంగు ముడే కనబడింది. కూర్చోకపోయుంటే ఆ విషయం ఆరోజే మర్చిపోయేదాన్ని. నందలూరు వచ్చినప్పుడల్లా దిగేవాళ్ళలో చూస్తుంటా, మళ్ళీ కనబడలేదు.

ఇంత చెప్పి, రోజూ కుదురుతుందని మాత్రం చెప్పను. పండగల్లో, బస్సు లేటైనప్పుడు ఆ నలభై నిమిషాలు పదిహేనైపోతాయి, అన్నమా రామనామమా అంటే అన్నమే తింటా. మొన్న భాయ్ సెలవు పెట్టినాడు. కొత్త డ్రైవరుకు నా సంగతి తెలియదు, సరిగ్గా పన్నెండు నలభైకి కిటికీ కొట్టి "అక్కా, టీ తాగుదాం రా" అన్నాడు. పోయినా. టీ బాగుండింది.