‘సెలెక్ట్ అయ్యింది’ అని వచ్చిన ఉత్తరం

ప్రశ్న: మాది నెల్లూరు. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. పాపకు పదమూడేళ్లు, ఈ జూన్‌లో తొమ్మిదో తరగతి. అమెరికాలో మూడు వారాల యూత్ లీడర్‌షిప్ సమ్మర్ ప్రోగ్రామ్‌కు సెలెక్ట్ అయ్యిందని ఉత్తరం వచ్చింది. ఖర్చు నాలుగున్నర లక్షలు. పాప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. పంపితే ధైర్యం వస్తుంది, రేపు సీటుకూ పనికొస్తుంది అంటున్నారు. లోన్ తీసుకుని పంపమంటారా?

జవాబు: అమ్మా, అప్పు చేసి మాత్రం పంపకండి. పాపతో మాట్లాడకుండా, ఒక్క పేజీ కూడా రాయించకుండా ఎలా సెలెక్ట్ చేశారో ముందు వాళ్లనే అడగండి.

సీటు కోసమైతే టెన్షన్ వద్దు. జేఈఈ, నీట్‌లకు ఈ సర్టిఫికెట్‌తో పనే లేదు. విదేశీ యూనివర్సిటీలు కూడా రెండు మూడేళ్లు వదలకుండా చేసిన పనిని చూసినంతగా, డబ్బు కట్టి వెళ్లొచ్చిన మూడు వారాలను చూడవు. పైగా అమెరికాలో సమ్మర్ అంటే జూన్ నుంచి ఆగస్టు. అప్పటికి ఇక్కడ స్కూళ్లు తెరిచేస్తారు, తొమ్మిదో తరగతి మొదటి పాఠాలు పోతాయి.

అలాగని ఇలాంటి క్యాంపులన్నీ దండగ అనను. డోరిస్ అలెన్ అనే సైకాలజిస్టు 1951లో అమెరికాలోని సిన్సినాటిలో వేర్వేరు దేశాల పదకొండేళ్ల పిల్లలను ఒకచోట చేర్చి క్యాంపు పెట్టారు. సీఐఎస్‌వీ పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది. ఆ క్యాంపుకు ఒక్కో దేశం నుంచి ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు, తోడుగా ఒక పెద్దవారు వెళ్తారు. అంతే. ఈ లెక్క నాకు చాలా నచ్చుతుంది. తన భాషవాళ్లు తక్కువగా ఉంటేనే పిల్ల పక్కవాళ్ల వైపు తిరుగుతుంది. కాబట్టి పాప గదిలో ఎవరుంటారో, ఏయే దేశాల పిల్లలు ఎంతమంది వస్తారో కనుక్కోండి. బెంగళూరు పిల్లలే ముప్ఫై మంది ఒకే బస్సులో తిరిగేటట్టయితే దానికి టూర్ అని పేరు పెట్టుకోవచ్చు.

పదేళ్లుగా ఇక్కడున్నారు కదా, పాపకు కన్నడం వచ్చా? మన తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్లలో చాలామంది పిల్లలకు రాదు. కొత్తవాళ్లతో మాట్లాడటం ఈ ఏప్రిల్, మే సెలవుల్లో కన్నడంతోనే మొదలుపెట్టండి. స్కూల్లో ఎన్‌సీసీ ఉంటే జూనియర్ వింగ్‌లో చేర్పించండి. క్యాంపుల్లో వేరే స్కూళ్ల పిల్లలతో కలిసి పడుకోవాలి, తినాలి, పనులు పంచుకోవాలి. పద్నాలుగు నిండాక డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు అనే యువత ప్రోగ్రామ్‌లో బ్రాంజ్ అనే మొదటి మెట్టు ఉంది. కనీసం ఆరు నెలలు సేవ, ఆట, ఒక నైపుణ్యం, ఒక సాహసయాత్ర చేయాలి. మాట తక్కువైన పిల్లలకు ఇలా నిదానంగా సాగేవే బాగా నప్పుతాయి. ఒక్కసారిగా దూరదేశంలో దింపితే ఇంకా ముడుచుకుపోయిన పిల్లలను నేను చూశాను.

ఒక్క మాట. మీ ప్రశ్నలో పాప ఏమందో ఎక్కడా లేదు. ఆ ఉత్తరం తన చేతికే ఇచ్చి, చదివి చెప్పమనండి. వెళ్లాలని తనే గట్టిగా అంటే, క్యాంపు వివరాలతో నాకు మళ్లీ రాయండి.