రద్దయిన ఎంపీటీసీ స్థానం చరిత్ర రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఒకే ఒక్క ఎన్నిక చూసి రద్దయిపోయిన ఎంపీటీసీ స్థానం, అంటే మండల పరిషత్తుకు ఒక సభ్యుణ్ణి ఎన్నుకునే ప్రాదేశిక నియోజకవర్గం, చరిత్ర రాయాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. అయితే నువ్వు పంపిన పేజీలు గెలిచిన అభ్యర్థితో, ఆయనకు వచ్చిన మెజారిటీతో మొదలయ్యాయి. నన్నడిగితే, ఆ స్థానం సరిహద్దుతోనే మొదలుపెట్టాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1959లో వచ్చిన పంచాయతీ సమితుల్లో గానీ, వాటి స్థానంలో 1987లో ఏర్పడిన మండల ప్రజా పరిషత్తుల్లో గానీ ఇలాంటి స్థానాలు లేవు. 1987లో మండలాధ్యక్షుణ్ణి ఓటర్లు నేరుగా ఎన్నుకున్నారు, సర్పంచులు హోదా రీత్యా సభ్యులయ్యారు. 73వ రాజ్యాంగ సవరణను అనుసరించి 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక, 1995 ఎన్నికల్లో ఎంపీటీసీలు తొలిసారి రంగంలోకి దిగారు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే అధికారం ఓటరు నుంచి వారికి మారింది. ఈ మార్పును ఒక్క వాక్యంలో దాటవేయకు. ఇంత చిన్న స్థానానికి అంత పోటీ ఎందుకో, గెలిచినవారిని అధ్యక్ష ఎన్నిక దాకా క్యాంపులకు ఎందుకు తరలిస్తారో అక్కడే తేలుతుంది.

సుమారు 3,000 నుంచి 4,000 జనాభాకు ఒక స్థానమన్న లెక్క ప్రకారం పెద్ద ఊరు రెండుగా చీలి పేరు పక్కన అంకెలు తగిలించుకుంటుంది. చిన్న ఊళ్లు రెండు మూడు కలిసి, వాటిలో పెద్దదాని పేరుతో చలామణి అవుతాయి. పేరు దక్కని ఆ ఊళ్లవారిని తప్పక కలువు. తమ రోడ్డు కోసం సర్పంచినే అడిగారా, ఎంపీటీసీ దాకా వెళ్లారా, స్థానం పోయాక ఏమైనా తేడా కనిపించిందా అని అడుగు. ఏ తేడా లేదంటే, నీ పుస్తకానికి అది ఇబ్బందే అయినా, అదే రాయి.

రద్దును కుట్రగా తేల్చేయాలన్న తొందర నీ రాతలో కనిపిస్తోంది. ఊరు మున్సిపాలిటీలో కలిస్తే ఎంపీటీసీ స్థానం పోతుంది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాలు 10 నుంచి 31కి పెరిగి, కొత్త మండలాలు కూడా ఏర్పడడంతో, 2019 ఎన్నికలకు ముందు స్థానాలను మళ్లీ విభజించవలసి వచ్చింది. కుట్ర నిజంగా జరిగి ఉంటే, దాని జాడ ముసాయిదా జాబితాకూ తుది జాబితాకూ మధ్య తేడాలో, ఆ మధ్యలో వచ్చిన అభ్యంతరాల్లో దొరకవచ్చు. వాటి కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. రిజర్వేషన్ సంగతీ చూడు: ఒకే ఎన్నిక జరిగిన చోట అది మరో వర్గానికి మారే అవకాశమే రాలేదు.

జనాభా పట్టికలు కథనం మధ్యలో వద్దు. పటం మాత్రం కావాలి, చేత్తో గీసినదైనా సరే. అందులో ప్రతి ఊరి నుంచీ పోలింగ్ కేంద్రానికి ఉన్న దారి కనిపించాలి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి